తేలిగ్గా ఒళ్లు చేసే గుర్రాలకు శీతాకాలపు మేత: ఎండుగడ్డి ఎంపిక నుంచి వసంతం దాకా

బ్రిటన్‌లోని వెల్ష్, షెట్లాండ్, ఎక్స్‌మూర్, హైలాండ్ వంటి దేశవాళీ పోనీలు (పొట్టి గుర్రాలు) కొండల్లో, బీళ్లలో పుట్టి పెరిగిన జాతులు. వేసవిలో దొరికినంత మేసి ఒంట్లో కొవ్వు నింపుకోవడం, మేత దొరకని చలినెలల్లో ఆ కొవ్వును కరిగించుకుని వసంతం నాటికి పక్కటెముకలు లెక్కపెట్టేంతగా చిక్కిపోవడం వాటి శరీరానికి అలవాటైన ఏడాది చక్రం. ఇప్పుడు అవే పోనీలు వీపున దుప్పటితో, ముందు పాడిపశువుల కోసం పెంచిన రైగ్రాస్ ఎండుగడ్డితో, పిల్లల వారాంతపు స్వారీ తప్ప మరో పని లేకుండా చలికాలం గడిపేస్తున్నాయి. చిక్కవలసిన కాలంలో చిక్కడం లేదు కనుక, ప్రతి వేసవిలో చేరిన కొవ్వు మీద మరికొంత కొవ్వు చేరుతూ పోతోంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెతలో ఎత్తిపొడుపంతా దాణా మీదే ఉంది గానీ, ఈ పోనీల విషయంలో దాణా గింజ ఒక్కటి పెట్టకపోయినా ఎండుగడ్డే ఆ పని చేసేస్తుంది.

అమెరికాలోని మోర్గాన్, మస్టాంగ్ జాతులు, లాటిన్ అమెరికాకు చెందిన పాసో ఫీనో, స్పెయిన్‌కు చెందిన ఆండలూసియన్, చాలా అరబ్బీ గుర్రాలు, గాడిదలు కూడా ఇదే కోవకు వస్తాయి. ఇంగ్లండ్‌లోనో టెక్సస్‌లోనో పిల్లల కోసం ఒక పోనీని కొని, దాని మెడ ఏటేటా లావెక్కడాన్ని ఆరోగ్యమనుకుంటున్న తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. లావెక్కిన గుర్రం ఒంట్లో ఇన్సులిన్ మోతాదు మించి పెరగడం, దానివల్ల గిట్టల లోపలి పొరలు వాచి, గిట్ట ఎముకను పట్టి ఉంచే బంధం సడలడం అనే జబ్బును ల్యామినైటిస్ అంటారు. అది వచ్చిన గుర్రాల్లో కొన్ని మళ్లీ సరిగా నడవవు.

ఇక్కడ యజమానులు సాధారణంగా చేసే పని గడ్డి తగ్గించడం. నా అభిప్రాయంలో అది మొదట చేయవలసిన పని కాదు. గుర్రం పొట్టలో ఆమ్లం మేత ఉన్నా లేకున్నా రోజంతా ఊరుతూనే ఉంటుంది కాబట్టి, గంటల తరబడి నోరు ఖాళీగా ఉంటే పుండ్లు పడతాయి; పైగా లావుగా ఉన్న పోనీని, ముఖ్యంగా షెట్లాండ్‌ను లేదా గాడిదను, ఒక్కసారిగా పస్తు పెడితే ఒంట్లోని కొవ్వు విపరీతంగా రక్తంలోకి చేరి కాలేయాన్ని ముంచెత్తే ప్రాణాంతకమైన స్థితి రావచ్చు. కాబట్టి ముందు మార్చవలసింది గడ్డి రకం, తరువాత దాన్ని తూచి పెట్టే పద్ధతి, ఆ తరువాత తినే వేగం.

మొదటి దశ: గుర్రాన్ని కొలవడం

సెప్టెంబరు చివర్లో, చలికాలపు బొచ్చు దట్టం కాకముందే ఈ పని చేయాలి. పొడవాటి బొచ్చు కింద గుర్రం ఎంత లావుందో కంటికి తెలియదు, చేతితోనే తెలుసుకోవాలి. అరచేతిని చదునుగా పక్కటెముకల మీద ఆనించి, ఒత్తిడి లేకుండా ముందుకూ వెనక్కూ జరపండి. మీ చేతి వెనుకభాగాన్ని తడిమినప్పుడు ఎముకలు ఎలా తగులుతాయో అలా తగిలితే గుర్రం సరైన ఒంటితో ఉన్నట్టు. వేళ్లు లోపలికి నొక్కితే గాని ఎముక తగలకపోతే అది లావెక్కినట్టే. 1983లో అమెరికాలోని టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో డాన్ హెన్నెకే రూపొందించిన 1 నుంచి 9 దాకా ఉండే కొలమానంలో 5 సరైన స్థాయి, 7 గానీ ఆపైన గానీ ఉంటే అధిక బరువు. బ్రిటన్‌లో 0 నుంచి 5 దాకా ఉండే కొలమానం ఎక్కువగా వాడతారు కనుక, పశువైద్యుడు చెప్పిన అంకె ఏ కొలమానంలోనిదో అడిగి తెలుసుకోండి.

మెడ పైభాగంలో జూలు మొలిచే గట్టును విడిగా చూడాలి. అది చేతికి మెత్తగా పట్టుబడి అటూ ఇటూ వంగితే భయం లేదు. గట్టిపడి, కదిలించినా కదలకుండా ఉంటే, మిగతా ఒళ్లు సన్నగానే ఉన్నా ఇన్సులిన్ పరీక్ష చేయించడం మంచిది.

బరువు తూచే యంత్రం అందుబాటులో లేనివారు టేపుతో అంచనా వేయవచ్చు. ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టుకొలతను, భుజం మొన నుంచి పిరుదు ఎముక మొన వరకు పొడవును సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, వచ్చిన దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 170, పొడవు 148 ఉన్న పోనీ బరువు సుమారు 360 కిలోలు. ఈ అంచనా పదీ ఇరవై కిలోలు అటూ ఇటూ కావచ్చు, కానీ ఒకే మనిషి ఒకే చోట పట్టి కొలుస్తూ పోతే పెరుగుతున్నదో తగ్గుతున్నదో నమ్మకంగా తెలుస్తుంది. ఈ వ్యాసంలోని లెక్కలన్నింటికీ ఈ 360 కిలోల పోనీనే ఉదాహరణగా తీసుకుంటాను.

రెండో దశ: ఏ గడ్డి కొనాలి

మనకు కావలసింది పోషకాలు తక్కువగా ఉండి, శుభ్రంగా ఉన్న గడ్డి. ఈ రెండు మాటలనూ కలిపే చదవాలి. బలం తక్కువ గడ్డి అనగానే బూజు పట్టినదీ, దుమ్ము లేచేదీ చవగ్గా కొనుక్కొచ్చే వాళ్లున్నారు. దానివల్ల గుర్రం సన్నబడదు సరికదా ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకుంటుంది.

కంకి వేసి ముదిరిన తరువాత కోసిన గడ్డిలో కాడ ఎక్కువ, ఆకు తక్కువ ఉంటుంది. పీచు పెరిగిన కొద్దీ శక్తి తగ్గుతుంది, నమలడానికి పట్టే సమయం పెరుగుతుంది. టిమోతీ, లేదా పలు రకాల గడ్డి కలిసి పెరిగిన పాత పచ్చికబయళ్ల నుంచి ఆలస్యంగా కోసిన గడ్డి దీనికి అనుకూలం. పాల దిగుబడి కోసం చక్కెర ఎక్కువ ఉండేలా వృద్ధి చేసిన రైగ్రాస్ గడ్డి అనుకూలం కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో దొరికే బెర్ముడా, ఇథియోపియా నుంచి వచ్చిన టెఫ్ వేడి ప్రాంతపు గడ్డి జాతులు. చల్లని ప్రాంతపు గడ్డిలాగా ఇవి ఫ్రక్టాన్ అనే చక్కెరను కాడల్లో నిల్వ చేసుకోవు కాబట్టి వీటిలో చక్కెరలు సాధారణంగా తక్కువ. అయితే బెర్ముడాలో మరీ సన్నని, మెత్తని గడ్డి పేగుల్లో ఉండకట్టి కడుపునొప్పి తెస్తుందని ఆ ప్రాంతంలో పేరుంది కనుక, నీళ్లు బాగా తాగించి క్రమంగా అలవాటు చేయాలి.

లూసర్న్‌ (అల్ఫాల్ఫా) గడ్డిలో చక్కెర తక్కువే అయినా మాంసకృత్తులు, శక్తి ఎక్కువ. చిక్కవలసిన గుర్రానికి అదే ప్రధాన మేత కాకూడదు. ప్లాస్టిక్ చుట్టి పులియబెట్టిన హేలేజ్‌లో పులియడం వల్ల చక్కెర కొంత తగ్గినా, రుచి ఎక్కువ కావడంతో గుర్రం ఆబగా తింటుంది, శక్తి కూడా తరచు ఎండుగడ్డి కంటే ఎక్కువే. తప్పనిసరై హేలేజ్ పెట్టవలసి వస్తే అందులో తేమ ఎక్కువని మరచిపోకుండా విడిగా లెక్క వేసుకోవాలి. చుట్ట చిరిగిపోయిన బేల్‌ను (యంత్రం కట్టిన గడ్డి మోపును) పారేయాలి, ఎందుకంటే అందులో ప్రాణం తీసే బాట్యులిజం విషం పుట్టే ప్రమాదం ఉంది.

రంగు చూసి చక్కెర అంచనా వేయడం కుదరదు. ఎండకు పాలిపోయిన పసుపు గడ్డిలో చక్కెర నిండుగా ఉండవచ్చు, ఆకుపచ్చని గడ్డిలో తక్కువగా ఉండవచ్చు. ఉదయం కోసిన గడ్డి కంటే ఎండ కాసిన సాయంత్రం కోసినదానిలో చక్కెర ఎక్కువ, కోసిన తరువాత వాన తడిసినదానిలో తక్కువ. ఈ రెండు సంగతులూ రైతును అడిగితేనే తెలుస్తాయి. అడగడానికి మొహమాటపడవద్దు. బేల్ విప్పి చూసేటప్పుడు పసుపు పూల రాగ్‌వర్ట్ మొక్క తునకలున్నాయేమో చూడాలి. పొలంలో చేదుగా ఉండే ఆ మొక్కను గుర్రాలు ముట్టవు గానీ, ఎండాక చేదు తగ్గి తినేస్తాయి. విషం మాత్రం తగ్గదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

మూడో దశ: పరీక్ష చేయించి, నివేదిక చదవడం

ఒకే పొలంలో ఒకే కోతకు వచ్చిన సరుకును ఒక విడతగా భావించి, ఆ విడతలో 15 నుంచి 20 బేళ్ల మధ్యభాగంలోంచి గొట్టపు సాధనంతో నమూనాలు తీసి కలపాలి. పైపైన పీకిన గుప్పెడు గడ్డి పంపితే వచ్చే ఫలితానికి విలువ లేదు. చలికాలానికంతటికీ సరిపడా ఒకే విడతలో కొన్నవారికి ఒక్క పరీక్ష చాలు. వారం వారం కొట్లో నాలుగు బేళ్లు కొనేవారికి మాత్రం పరీక్ష అక్కరకు రాదు, వారు ఐదో దశలో చెప్పబోయే ఉపాయాల మీద ఆధారపడాలి.

నివేదికలో ప్రతి అంశానికీ రెండు అంకెలుంటాయి. ఒకటి ఉన్నది ఉన్నట్టుగా తూచిన గడ్డికి, మరొకటి తేమ తీసివేసిన పొడి పదార్థానికి. వేర్వేరు గడ్డిని పోల్చడానికి ఎప్పుడూ పొడి పదార్థపు అంకెనే చూడాలి. మొదట నీటిలో కరిగే చక్కెరలు, పిండిపదార్థం ఈ రెండింటి శాతాలనూ కూడండి. ల్యామినైటిస్ ముప్పు ఉన్న గుర్రానికి ఆ మొత్తం 10 శాతం లోపు ఉండాలని పశువైద్యులు చెబుతారు, 12 దాకా సర్దుకుపోవచ్చనే వారూ ఉన్నారు. రెండోది, ఎన్‌డీఎఫ్ అని రాసి ఉండే మొత్తం పీచు. 55 నుంచి 65 శాతం మధ్య ఉంటే మనకు సరిపోతుంది. 65 బాగా దాటితే నమలలేనంత ముదురు గడ్డి అని అర్థం, పళ్లరిగిన ముసలి గుర్రానికి పనికిరాదు. మూడోది జీర్ణమయ్యే శక్తి. చాలామంది చక్కెర అంకె చూసి సంతోషించి ఈ మూడోదాన్ని వదిలేస్తారు, ఒళ్లు పెంచేది మాత్రం ఇదే.

ఇది ఎంత తేడా తెస్తుందో లెక్కలో చూద్దాం. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2007లో ప్రకటించిన పోషక అవసరాల ప్రకారం పని లేకుండా, తేలిగ్గా ఒళ్లు చేసే గుర్రానికి రోజుకు కిలో బరువుకు సుమారు 0.0303 మెగాకేలరీలు చాలు. మన 360 కిలోల పోనీకి అది దాదాపు 10.9 మెగాకేలరీలు. రోజుకు 5.4 కిలోల పొడి పదార్థం పెడుతున్నామనుకుందాం. కిలోకు 1.8 మెగాకేలరీలున్న ముదురు గడ్డి అయితే 9.7 అందుతుంది, పోనీ నెమ్మదిగా చిక్కుతుంది. కిలోకు 2.2 ఉన్న లేత గడ్డి అయితే 11.9 అందుతుంది, అంతే తూకం తింటూ పోనీ లావవుతుంది. కొలిచే పెడుతున్నా తగ్గడం లేదని వాపోయే యజమానుల్లో చాలామంది సమస్య ఈ 0.4 తేడాలోనే ఉంటుంది.

నాలుగో దశ: రోజుకు ఎంత, చలికాలానికి ఎంత

బరువు నిలకడగా ఉండటానికి రోజుకు శరీర బరువులో 2 శాతం దాకా, తగ్గడానికి 1.5 శాతం పొడి పదార్థం పెట్టడం సాధారణ నియమం. పశువైద్యుడి పర్యవేక్షణ లేకుండా 1.25 కంటే తగ్గించకూడదు. 360 కిలోలకు 1.5 శాతమంటే 5.4 కిలోలు. ఎండుగడ్డిలో పొడి పదార్థం సుమారు 86 శాతం ఉంటుంది కనుక 5.4ను 0.86తో భాగించాలి, తూచి పెట్టవలసింది 6.3 కిలోలు. 60 శాతం పొడి పదార్థమున్న హేలేజ్ అయితే అదే 9 కిలోలవుతుంది.

తూకానికి సామాను తూచే వేలాడే త్రాసు చాలు. కంటి అంచనా ఇక్కడ ఘోరంగా మోసం చేస్తుంది, ఎందుకంటే యంత్రం బిగించి కట్టిన బేల్‌లోని ఒక పొరకూ వదులుగా కట్టినదానిలోని పొరకూ తూకంలో పోలికే ఉండదు.

నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా 166 రోజులు. రోజుకు 6.3 కిలోల చొప్పున సుమారు 1,050 కిలోలు, నేలపాలయ్యేది పదోవంతు కలుపుకుంటే 1,150 కిలోలు. బేల్ 19 కిలోలుంటే 61 బేళ్లు కావాలి. వీటిని నేలకు ఆనకుండా చెక్క పలకల మీద, గాలి ఆడే కప్పు కింద పేర్చాలి. కొత్త గడ్డికి మారేటప్పుడు కనీసం పది రోజులు పాతదానిలో కలుపుతూ రావాలి, లేకపోతే పేగుల్లోని సూక్ష్మజీవులు తట్టుకోలేవు.

ఐదో దశ: దొరికిన గడ్డిలో బలం ఎక్కువైతే

నచ్చిన గడ్డి ప్రతి ఏటా దొరకదు. అప్పుడు రెండు దారులున్నాయి.

మొదటిది చొప్ప కలపడం. బ్రిటన్‌లో గింజ రాల్చిన ఓట్ చొప్పను, బార్లీ చొప్పను ఎండుగడ్డిలో మూడోవంతు దాకా కలుపుతారు. పళ్లు బాగున్న పోనీలకు పశువైద్యుడి సలహా మీద సగం దాకా కూడా వెళతారు. శక్తి తక్కువ, నమలడం ఎక్కువ. రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా పెంచుతూ రావాలి, నీళ్లు ఎప్పుడూ ముందుండాలి, పళ్లకు ముందే వైద్య పరీక్ష చేయించాలి. చొప్ప ఒక్కటే మేతగా ఎప్పుడూ పెట్టకూడదు, అది కడుపులో పుండ్లకూ, పేగులు మూసుకుపోవడానికీ దారి తీస్తుంది. మన వైపు ఈ మాట చదివిన వారికి వరిగడ్డి గుర్తుకు రావడం సహజమే. దానిలో సిలికా, ఆక్సలేట్లు ఎక్కువ. ఆక్సలేట్లు కాల్షియంను పట్టేసి ఎముకలకు అందనీయవు కనుక, హైదరాబాదులోనో విజయవాడలోనో గుర్రాన్ని సాకుతున్నవారు ఓట్ చొప్ప లెక్కను వరిగడ్డికి వర్తింపజేయవద్దు. నేపియర్ గడ్డికి కూడా ఇదే ఆక్సలేట్ హెచ్చరిక వర్తిస్తుంది.

రెండోది నానబెట్టడం. తూచిన గడ్డిని వల సంచిలో వేసి, పూర్తిగా మునిగేలా శుభ్రమైన చల్లని నీళ్లలో కనీసం గంటసేపు ఉంచాలి. నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. అందులో చక్కెరతో పాటు ఖనిజాలూ పోతాయి. ఆ నీటిని వంపేసి, సంచిని వేలాడదీసి, ధార ఆగాక పెట్టాలి. రాత్రంతా నానబెట్టినా ఒక గడ్డిలో చక్కెర పదోవంతు తగ్గితే, మరొకదానిలో సగం తగ్గవచ్చు. కాబట్టి దీన్ని అదనపు రక్షణగా చూడాలి గానీ 20 శాతం చక్కెరున్న గడ్డిని మందుగా మార్చే ప్రక్రియగా చూడకూడదు. పొడి పదార్థం కూడా కొంత కరిగిపోతుంది కనుక ఎక్కువసేపు నానబెట్టేవారు పొడిగా తూచేటప్పుడే మరో అరకిలో, ముప్పావు కిలో కలుపుకోవాలి. వంపిన నీరు వాగుల్లోకి, చెరువుల్లోకి పోకూడదు, ఆ చక్కెర నీరు అక్కడి ప్రాణవాయువును హరించి చేపలను చంపుతుంది. గడ్డకట్టే చలి రాత్రుల్లో షెడ్డు లోపల కొద్ది గంటలు నానబెట్టడమే ఆచరణ సాధ్యం. ఆవిరి పట్టే యంత్రాలు దుమ్మునూ బూజునూ అణచడానికి చాలా బాగుంటాయి, చక్కెర విషయంలో వాటిని నమ్ముకోవద్దు.

ఆరో దశ: పెట్టే తీరు

6.3 కిలోలను రోజుకు రెండుసార్లు నేల మీద పడేస్తే పోనీ రెండు మూడు గంటల్లో ఊడ్చేసి, మిగతా సమయమంతా తలుపు కొరుకుతూ నిలబడుతుంది. సుమారు 3 సెంటీమీటర్ల కన్నులున్న వల సంచిలో పెడితే అదే మేత తినడానికి దాదాపు రెట్టింపు సమయం పడుతుందని అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధనల్లో తేలింది. కొన్ని తెలివైన పోనీలు వారంలోనే కిటుకు కనిపెడతాయి. అప్పుడు రెండు సంచులను ఒకదానిలో ఒకటి తొడగాలి. ఇనుప నాడాలున్న గుర్రానికి సంచి కిందికి వేలాడితే గిట్ట చిక్కుకుంటుంది, కాబట్టి ఎత్తుగా కట్టాలి లేదా అంచు గట్టిగా ఉన్న తొట్టెలో బిగించాలి.

రోజు మేతను మూడు నాలుగు వాయిదాలుగా పంచి, వాటిలో పెద్దదాన్ని రాత్రికి ఉంచండి. శీతాకాలపు రాత్రి బ్రిటన్‌లో పదహారు గంటలు కూడా ఉంటుంది కనుక ఖాళీ కడుపుతో గడిచే సమయం అప్పుడే ఎక్కువ. ఆ ఖాళీ ఆరు గంటలు మించకుండా చూడాలి. ఒకే చోట రెండు మూడు గుర్రాలుంటే గుర్రాల సంఖ్య కంటే ఒక సంచి ఎక్కువ కట్టండి. లేకపోతే పెత్తనం చేసే గుర్రం తన వాటాతో పాటు పక్కదాని వాటా కూడా తిని, మీ లెక్కంతా తారుమారు చేస్తుంది.

ఎండుగడ్డిలో విటమిన్ ఇ దాదాపుగా మిగలదు, రాగి, జింకు కూడా తరచు చాలవు. గడ్డి తగ్గించి, అందులోనూ నానబెట్టి పెడుతున్నప్పుడు లోటు మరింత పెరుగుతుంది. శక్తి తక్కువగా ఉండి విటమిన్లు, ఖనిజాలు, మాంసకృత్తులు దండిగా ఉండే బ్యాలెన్సర్ గుళికలను డబ్బా మీద రాసిన మోతాదులో ఇవ్వాలి. సెలీనియం మాత్రం రెండు మూడు ఉత్పత్తుల నుంచి కలిసి మోతాదు మించితే విషమవుతుంది కనుక లేబుళ్లన్నీ కూడి చూసుకోవాలి. ఈ పరిమాణపు పోనీకి రోజుకు 20 గ్రాముల ఉప్పు, గడ్డకట్టని నీళ్లు ఉండాలి. నీళ్లు మరీ చల్లగా ఉంటే గుర్రం తక్కువ తాగుతుంది, పొడి మేత పేగుల్లో బిగుసుకుంటుంది.

ఏడో దశ: మంచు, పచ్చిక, దుప్పటి

చలికాలంలో పచ్చికలో ఏముంటుందిలే అనుకోవడం సహజం. రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపుకు పడి, పగలు ఎండ కాసినప్పుడు గడ్డి చక్కెర తయారు చేస్తూనే ఉంటుంది గానీ చలికి ఎదగలేదు. ఆ చక్కెరంతా ఆకులోనే నిల్వ ఉండిపోతుంది. నేల మీద తెల్లగా మంచు మెరుస్తూ ఎండ కాసే ఉదయాలే ల్యామినైటిస్ గుర్రానికి అతి ప్రమాదకరమైనవి. అలాంటి రోజుల్లో మట్టి ఆవరణలోనే ఉంచి, సంచి కట్టండి.

దుప్పటి గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. గాలీ వానా తగలని చిన్న కొట్టం ఉంటే, లావుగా ఉన్న ఆరోగ్యవంతమైన పోనీకి దుప్పటి అక్కర్లేదు. పీచు పులిసేటప్పుడు పేగుల్లో పుట్టే వేడి, దట్టమైన బొచ్చు దాన్ని కాపాడతాయి, మిగిలిన చలికి అది తన కొవ్వు ఖర్చు పెట్టుకుంటుంది. మనకు కావలసిందీ అదే. ముసలివాటికి, చిక్కినవాటికి, జబ్బుపడ్డవాటికి ఈ మాట వర్తించదు.

ఎనిమిదో దశ: గమనింపు, వసంతానికి సిద్ధం కావడం

రెండు వారాలకొకసారి అదే టేపుతో అదే చోట కొలిచి రాసుకోండి. వారానికి శరీర బరువులో అర శాతం నుంచి 1 శాతం తగ్గడం మంచి వేగం. మన పోనీకి అది వారానికి 2 నుంచి 3.5 కిలోలు. ఆరు వారాలైనా టేపు కదలకపోతే ముందు తూకం సరిగా జరుగుతోందా, పొరుగువారు జాలిపడి క్యారెట్లు పెడుతున్నారా అని చూసి, ఆ తరువాతే పశువైద్యుడితో మాట్లాడి మేతను 1.25 శాతానికి దించండి. వయసు పదిహేను దాటిన గుర్రమైతే కుషింగ్ అనే హార్మోన్ల జబ్బుకు రక్తపరీక్ష కూడా చేయించాలి.

ముందుకాళ్లను చాచి, బరువు వెనక్కి వేసి నిలబడినా, గట్టి నేల మీద తిరగడానికి వెనకాడినా, గిట్టలు వేడిగా ఉండి మడమ పైన నాడి బలంగా కొట్టుకుంటున్నా అదే రోజు పశువైద్యుడిని పిలవాలి, ఈలోగా మెత్తని పరుపు వేసి కదలనీయకుండా ఉంచాలి. పోనీ మేత ముట్టకుండా మందకొడిగా నిలబడితే అది మరింత అత్యవసరం, మేత తగ్గింపును ఆ క్షణమే ఆపేయాలి.

మార్చి నెలాఖరుకు ఎంత గడ్డి మిగిలిందో లెక్కపెట్టి, కనీసం పన్నెండు బేళ్లు పక్కన పెట్టండి. ఏప్రిల్‌లో కొత్త పచ్చిక పుట్టగానే ఎండుగడ్డి మానేయడం వల్ల అయిదు నెలల శ్రమ మూడు వారాల్లో వృథా కావచ్చు. మూతికి జల్లెడ బుట్ట తొడిగి, మొదటి వారం రోజుకు అరగంటతో తెల్లవారుజామున పచ్చికలోకి వదలడం ప్రారంభించి, వారానికి మరో అరగంట చొప్పున పెంచుతూ, మిగతా కడుపును ఆ పాత ముదురు గడ్డితోనే నింపండి.